పీటర్ స్నెల్ కేస్ స్టడీ: చివరి 200 మీటర్ల వేగం ఎక్కడ తయారైంది

800 మీటర్లకు కుర్రాణ్ణి తయారు చేయాలనగానే మన గ్రౌండ్లలో మొదట రాసే వర్కౌట్ 400లు. పదిసార్లు 400, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి, కుర్రాడు గడ్డి మీద పడిపోయేదాకా. రెండు నెలల్లో టైమింగ్ మెరుగుపడుతుంది, మూడో నెలలో ఆగిపోతుంది, నాలుగో నెలలో మోకాలి కింద నొప్పి మొదలవుతుంది. ఈ అలవాటు ఎక్కడ తప్పుతుందో తెలుసుకోవడానికి న్యూజిలాండ్ రన్నర్ పీటర్ స్నెల్ కెరీర్ కంటే మంచి కేసు నాకు కనబడదు. 1960 రోమ్‌లో 800 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం, 1964 టోక్యోలో 800, 1500 రెండూ. పురుషుల్లో ఒకే ఒలింపిక్స్‌లో ఈ రెండూ గెలిచినవాడు స్నెల్‌కి ముందు 1920లో బ్రిటన్ రన్నర్ ఆల్బర్ట్ హిల్. స్నెల్ తర్వాత ఇంతవరకూ ఎవరూ లేరు.

మొదట్లో చేతిలో ఉన్న సరుకు

1938 డిసెంబర్ 17న ఓపునాకే అనే చిన్న ఊళ్లో పుట్టాడు. టీనేజీలో టెన్నిస్ మీదే ఎక్కువ మోజు. శరీరం చూస్తే మిడిల్ డిస్టెన్స్ వాడని ఎవరూ అనరు: దాదాపు 80 కిలోల బరువు, బలమైన తొడలు. ఇక్కడ కోచ్ గమనించాల్సింది 400 టైమింగ్. స్నెల్ 48 సెకన్ల దగ్గరి మనిషి. ఆ కాలపు అంతర్జాతీయ 800 ఫైనల్లో అంతకన్నా వేగం ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉండేవాళ్లు. జమైకా రన్నర్ జార్జ్ కెర్ 400లోనూ అంతర్జాతీయ స్థాయి వాడు. అయినా ఆఖరి స్ట్రెయిట్‌లో, అంటే చివరి మలుపు తర్వాతి తిన్నని దారిలో, స్నెల్ వాళ్లని దాటేవాడు. చూసేవాళ్లు దాన్ని పుట్టుకతో వచ్చిన ఫినిషింగ్ అనుకున్నారు. టైమింగులు వరుసగా పేర్చి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. చివర్లో స్నెల్ వేగం పెరగడం కన్నా, మిగతావాళ్ల వేగం పడిపోవడమే ఎక్కువ.

కోచ్ ఆర్థర్ లిడియార్డ్ వృత్తిరీత్యా బూట్ల తయారీ పనివాడు. ఆక్లాండ్‌లోని ఓవైరాకా ప్రాంతంలో తన చుట్టుపక్కల కుర్రాళ్లతోనే పని చేశాడు. వాళ్లకి హాస్టల్ లేదు, క్యాంపు లేదు. పగలు ఉద్యోగం, సాయంత్రం రోడ్డు మీద పరుగు. స్నెల్ కూడా నిర్మాణ పనుల లెక్కలు కట్టే ఆఫీసులో పనిచేస్తూనే రోమ్‌కి వెళ్లాడు. సౌకర్యాల్లేవని వాపోయే మన కోచ్‌లు ఈ వివరం దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

వారానికి వంద మైళ్లు: లోపల ఏముంది

లిడియార్డ్ పద్ధతికి పేరు తెచ్చింది "వారానికి వంద మైళ్లు", అంటే 160 కిలోమీటర్లు. చాలామంది ఈ అంకెను మాత్రం పట్టుకుని కూర్చున్నారు. దీన్ని రోజుల వారీగా విడదీస్తే అసలు నిర్మాణం తెలుస్తుంది. ఒక మామూలు వారం సుమారుగా ఇలా ఉండేది: సోమవారం ఎత్తుపల్లాల దారిలో 16 కిలోమీటర్లు, మంగళవారం తేలిగ్గా 24, బుధవారం వేగం మార్చుకుంటూ 19, గురువారం తేలిగ్గా 29, శుక్రవారం కాస్త గట్టిగా 16, శని ఆదివారాల్లో ఒక రోజు 24, ఇంకో రోజు వైటకెరె కొండల్లోని వైయటారువా చుట్టు 35. ఆ 35 కిలోమీటర్ల దారిలో ఎక్కుడు చాలా ఉంది. మొదట్లో స్నెల్‌ని ఒళ్లు హూనం చేసింది అదే. 800 మీటర్ల వాడూ మారథాన్ వాడూ ఒకే దారిలో, ఒకే గుంపులో పరుగెత్తేవాళ్లు. ఆ గుంపులోంచే రోమ్‌లో మర్రే హాల్బర్గ్ 5000 మీటర్లు గెలిచాడు, బ్యారీ మాగీ మారథాన్‌లో కాంస్యం తెచ్చాడు.

ఈ పరుగుల వేగమే సున్నితమైన విషయం. ఇది జాగింగ్ కాదు, పోటీ కూడా కాదు. పక్కవాడితో చిన్న వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మన లెక్కలో చెప్పాలంటే 1500ను 4:05లో పరుగెత్తే కుర్రాడికి కిలోమీటరుకి 4:30 నుంచి 5:00. కోచ్ సైకిల్ మీద పక్కనే వస్తుంటే కుర్రాడు మెప్పు కోసం కిలోమీటరుని కూడా 4:05కి దింపేస్తాడు. సోమవారం దింపితే గురువారం 29 కిలోమీటర్లు ఈడ్చుకుంటూ వస్తాడు. ఆ వారం వృథా.

ఈ దశ పది పన్నెండు వారాలు. స్నెల్‌ కూడా ప్రతిసారీ దీన్ని సాఫీగా పూర్తి చేయలేదు. వరుసగా పది వారాలు వందేసి మైళ్లు పూర్తి చేసి వెళ్లింది టోక్యోకి. ఫలితం కూడా అక్కడే అన్నిటికన్నా గట్టిగా వచ్చింది.

కొండ, ఆ తర్వాతే ట్రాక్

బేస్, అంటే దమ్ము కట్టే ఈ కిలోమీటర్ల దశ, అయ్యాక నాలుగు నుంచి ఆరు వారాలు కొండ మీద. ఇక్కడ చేసేది కొండ ఎక్కి పరుగెత్తడం అనుకుంటే పొరపాటు. మోకాలు పైకి లేపుతూ, వెనక కాలు పూర్తిగా సాగేలా నేలను తన్ని, ముందుకన్నా పైకి ఎక్కువ లేస్తూ గెంతుతూ ఎక్కడం. ముందుకు కదిలే వేగం చాలా తక్కువ, పాదం మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ. పైకి చేరాక మెల్లగా జాగింగ్, తర్వాత వదులుగా పెద్ద అంగలతో దిగడం, కింద చదును నేల మీద కొన్ని స్ప్రింట్‌లు, మళ్లీ పైకి. స్నెల్ తొడల్లోని బలం ట్రాక్‌కి పనికొచ్చే రూపం పొందింది ఈ దశలోనే అని నా అభిప్రాయం. వెయిట్లు ఎత్తని ఆ రోజుల్లో జిమ్ చేయాల్సిన పని కొండ చేసింది.

ఆ తర్వాతే ట్రాక్. మొదటి నాలుగు వారాలు ఆయాసం తెచ్చే ఇంటర్వెల్స్ (మధ్యలో విశ్రాంతితో మళ్లీ మళ్లీ చేసే వేగమైన పరుగులు), వారానికి మూడుసార్లకి మించకుండా. చివరి నాలుగైదు వారాల్లో పరిమాణం తగ్గించి పదును పెట్టడం: 50 గజాలు స్ప్రింట్, 50 గజాలు ఒళ్లు వదులు చేసి తేలుతూ, అలా ల్యాపు తర్వాత ల్యాపు. మధ్యలో టైమ్ ట్రయల్స్, అంటే గడియారం పెట్టి చూసే పరీక్ష పరుగులు. ఆయాసం పుట్టించే ఇంటర్వెల్ పని ఆరు వారాలు దాటితే లాభం ఆగిపోయి నష్టం మొదలవుతుందన్నది లిడియార్డ్ పట్టుదల. మన దగ్గర ఆ పని ఏడాది పొడవునా జరుగుతుంది.

రోమ్: మూడు రోజులు, నాలుగు రేసులు

1960లో 800కి నాలుగు రౌండ్లు పెట్టారు. ఆగస్టు 31న ఒకే రోజు రెండు, సెప్టెంబర్ 1న సెమీస్, 2న ఫైనల్. కేవలం వేగం మీద బతికే రన్నర్‌కి ఇంతకన్నా చెడ్డ టైమ్‌టేబుల్ ఉండదు. స్నెల్ సెమీస్‌లో 1:47.2, ఫైనల్‌లో 1:46.3. అంటే నాలుగో రేసులో అన్నిటికన్నా వేగంగా పరుగెత్తాడు. ఎదురుగా ఉన్నది 1955 నుంచి ప్రపంచ రికార్డు తన పేరిట ఉన్న బెల్జియం రన్నర్ రోజర్ మోన్స్. స్విట్జర్లాండ్ వాడు క్రిస్టియన్ వాగ్లీ చాలాదూరం ముందుండి లాగాడు. చివరి స్ట్రెయిట్‌లో మోన్స్ ముందుకొచ్చి కుడివైపు చూసుకుంటుండగా, ఎడమవైపు లోపలి సందులోంచి స్నెల్ వచ్చేశాడు. మోన్స్ 1:46.5, కెర్ 1:47.1.

అప్పుడు స్నెల్‌కి 21 ఏళ్లు, బయట పెద్దగా ఎవరికీ తెలియదు. మోన్స్‌ కన్నా అతని 400 వేగం గొప్పదేం కాదు. మూడు రోజుల తర్వాత ఇద్దరి కాళ్లలో మిగిలి ఉన్నదాంట్లోనే తేడా. మన జాతీయ మీట్లలో హీట్స్‌లో మెరిసి ఫైనల్‌లో ఆరో స్థానానికి పడిపోయే కుర్రాళ్లని చూసి "ఒత్తిడి తట్టుకోలేకపోయాడు" అంటాం. చాలాసార్లు అసలు కారణం డైరీలో దొరుకుతుంది: ఆ ఏడాది వారానికి 50 కిలోమీటర్లు కూడా పడి ఉండవు.

1962: మారథాన్ తర్వాత మైలు రికార్డు

1961 డిసెంబర్‌లో స్నెల్ పూర్తి మారథాన్ పరుగెత్తాడు, 2 గంటల 41 నిమిషాల్లో. చివర్లో బాగా నలిగిపోయాడు. 800 ఒలింపిక్ ఛాంపియన్‌ని సీజన్‌కి ముందు మారథాన్‌కి దింపే కోచ్‌ని ఈరోజు ఫెడరేషన్ సంజాయిషీ అడుగుతుంది. నేనైనా ఆ సాహసం చేయను. కానీ తర్వాత జరిగింది చూడాలి.

1962 జనవరి 27న వాంగనూయిలోని కుక్స్ గార్డెన్స్‌లో మైలు 3:54.4. ఆస్ట్రేలియా రన్నర్ హెర్బ్ ఇలియట్ 1958లో డబ్లిన్‌లో పెట్టిన ప్రపంచ రికార్డు 3:54.5 పోయింది. అది గడ్డి ట్రాక్, మామూలు 440 గజాల ట్రాక్ కన్నా చిన్నది, అంటే మలుపులు ఎక్కువ. ముప్పావు మైలు మూడు నిమిషాలకి కాస్త తక్కువలో, చివరి పావు మైలు 55 సెకన్ల లోపు.

సరిగ్గా వారానికి, ఫిబ్రవరి 3న క్రైస్ట్‌చర్చ్‌లోని లాంకాస్టర్ పార్క్‌లో, మళ్లీ గడ్డి మీదే, ఒకే పరుగులో రెండు ప్రపంచ రికార్డులు: 800 మీటర్లు 1:44.3, 880 గజాలు 1:45.1. మోన్స్ 800 రికార్డు 1:45.7 మీద ఏకంగా 1.4 సెకన్లు కోశాడు. మొదటి 440 గజాలు 51 దగ్గర, రెండోది 54 చిల్లర. 1968 మెక్సికోలో రాల్ఫ్ డూబెల్, 1972లో డేవ్ వాటిల్ ఆ 1:44.3ని సమం చేశారు. దాటింది మాత్రం 1973లో మార్చెల్లో ఫియాస్కొనారో. న్యూజిలాండ్ జాతీయ రికార్డుగా 2024 దాకా నిలిచింది. సింథటిక్ ట్రాక్ మీద, మెరుగైన స్పైక్స్‌తో పరుగెత్తిన రెండు తరాలు దాన్ని ముట్టుకోలేకపోయాయి.

టోక్యో: ఎనిమిది రోజులు, ఆరు రేసులు

800 హీట్, సెమీస్, ఫైనల్ అక్టోబర్ 14, 15, 16 తేదీల్లో. 17న 1500 హీట్, 19న సెమీస్, 21న ఫైనల్. మధ్యలో నికరంగా దొరికిన విశ్రాంతి రెండు రోజులు.

800 ఫైనల్‌లో ఒక సాంకేతిక పాఠం ఉంది. రెండో ల్యాప్ మొదట్లో స్నెల్ లోపలి లైన్‌లో బాక్స్ అయిపోయాడు, అంటే బయటికి దారి లేకుండా ఇరుక్కుపోయాడు. ముందు కెర్, కిప్రుగుట్, పక్కన మరొకడు. అలాంటప్పుడు మామూలుగా చేసేది మోచేతులతో దారి చేసుకోవడం, లేదా సందు కోసం ఎదురుచూడటం. స్నెల్ ఒక అడుగు వేగం తగ్గించి, వెనక్కి జారి, గుంపు చుట్టూ బయట నుంచి తిరిగి వచ్చాడు. అలా కొన్ని మీటర్లు అదనంగా పరుగెత్తి, ఆఖరి మలుపుకల్లా ముందుకొచ్చాడు. 1:45.1. కెనడా వాడు బిల్ క్రోదర్స్ 1:45.6, కెన్యా వాడు విల్సన్ కిప్రుగుట్ 1:45.9, కెన్యాకి అది మొట్టమొదటి ఒలింపిక్ పతకం. వేగాన్ని ఒకసారి వదులుకుని మళ్లీ తెచ్చుకునే ధైర్యం దమ్ము మిగులు ఉన్నవాడికే వస్తుంది. లేనివాడు బాక్స్‌లోనే ఉండి ప్రార్థిస్తాడు.

1500 ఫైనల్ మెల్లగా నడిచిన రేసు. మధ్యలో ముందుండి లాగింది న్యూజిలాండ్‌కే చెందిన జాన్ డేవిస్. చివరి ల్యాప్ స్నెల్‌కి 53 సెకన్ల దగ్గర పడింది. 3:38.1తో గెలిచాడు. తర్వాతి ఇద్దరు, చెకొస్లొవేకియా వాడు యోసెఫ్ ఒడ్లోజిల్, డేవిస్, ఇద్దరికీ 3:39.6. ఒలింపిక్ 1500లో సెకనున్నర అంటే పది మీటర్లు. ఆరో రేసులో.

రెండు మైలు రేసులు పక్కపక్కన

టోక్యో తర్వాత నెల తిరక్కుండానే ఆక్లాండ్‌లో నవంబర్ 12న 1000 మీటర్ల ప్రపంచ రికార్డు 2:16.6, నవంబర్ 17న మైలు 3:54.1. ఈ మైలుని వాంగనూయి మైలు పక్కన పెట్టి చూడండి. వాంగనూయిలో సగం మైలు రెండు నిమిషాల దగ్గర, చివరి పావు 55 లోపు. ఆక్లాండ్‌లో మొదటి పావు 56 దగ్గర, సగం మైలు 1:54, ఆ తర్వాత క్రమంగా బిగుసుకుపోయి చివరి పావు దాదాపు 60. మనిషి 1964లో అన్ని రకాలా మెరుగు, అయినా లాభం సెకనులో పదింట మూడు వంతులు. మొదటి సగంలో ఐదారు సెకన్లు ముందుకెళ్లి, చివర్లో అన్నీ తిరిగి కట్టేశాడు. సమానంగా పరుగెత్తి ఉంటే 3:52 లోపు వచ్చేదని నా లెక్క. పేస్ గురించి కుర్రాళ్లకి ఉపన్యాసం ఇచ్చే బదులు ఈ రెండు రేసుల స్ప్లిట్స్ (ఒక్కో భాగానికి పట్టిన టైమింగులు) బోర్డు మీద రాస్తే చాలు.

1965: జారుడు

1965 జూన్‌లో ఫ్రాన్స్ రన్నర్ మిషెల్ జాజీ మైలు రికార్డుని 3:53.6కి తీసుకెళ్లాడు. అదే నెల 27న శాన్ డియేగోలో అమెరికా హైస్కూల్ కుర్రాడు జిమ్ రయన్ 3:55.3తో స్నెల్‌ని దాటాడు. స్నెల్ 3:55.4. ఆ పర్యటన తర్వాత 26 ఏళ్లకే రిటైర్ అయ్యాడు. వయసు కారణం అనలేం. నవంబర్‌లో శిఖరం మీద రికార్డులు, తర్వాత వేడుకలు, ఉద్యోగం, ప్రయాణాలు. మళ్లీ పది వారాల బేస్ కట్టుకునే తీరిక, ఆకలి రెండూ లేకపోయాయి. ఈ పద్ధతికి ఉన్న పెద్ద ఇబ్బంది ఇదే. ప్రతి శిఖరానికి ముందు మళ్లీ అడుగు నుంచి ఎక్కాలి. పోయిన ఏడాది దమ్ము ఈ ఏడాదికి పనికిరాదు.

ఎందుకు పనిచేసింది

దీనికి జవాబు వెతికినవాడూ స్నెల్ కావడం ఈ కేసులో అరుదైన సంగతి. తర్వాత అమెరికా వెళ్లి డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, డల్లాస్‌లోని టెక్సాస్ వైద్య విశ్వవిద్యాలయంలో వ్యాయామ శరీరధర్మ పరిశోధకుడిగా పనిచేశాడు. 2019 డిసెంబర్ 12న డల్లాస్‌లోనే చనిపోయాడు.

మెల్లగా పరుగెత్తినప్పుడు శరీరం ముందు స్లో ట్విచ్ కండరపోగుల్ని, అంటే నిదానంగా ఎక్కువసేపు పనిచేసేవాటిని, వాడుతుంది. గంటన్నర దాటేసరికి వాటిలోని గ్లైకోజెన్ (నిల్వ ఉన్న చక్కెర ఇంధనం) అడుగంటుతుంది. అప్పుడు అదే మెల్లని వేగం నిలబెట్టడానికి ఫాస్ట్ ట్విచ్ పోగుల్ని పనిలోకి పిలవాల్సి వస్తుంది. మామూలుగా స్ప్రింట్‌లోనే కదిలే ఈ పోగులు ఆక్సిజన్ వాడుకోవడం నేర్చుకుంటాయి. కొండల్లో రెండు గంటల పరుగు ఆఖరి అరగంటలో జరిగేది ఇదని స్నెల్ వివరణ. గంట పరుగుని రోజుకి రెండుసార్లు చేస్తే కిలోమీటర్లు కలుస్తాయి కానీ ఈ ఫలితం రాదు. దీనికితోడు, 800 రేసులో ఖర్చయ్యే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు ఆక్సిజన్ దారిలోనే వస్తుంది, 1500లో ఇంకా ఎక్కువ. 800ని పొడవాటి స్ప్రింట్ అనుకోవడంతోనే మన ప్లాన్ సగం తప్పుతుంది.

మన దగ్గర పెట్టుకోవాలంటే

వంద మైళ్లని నేరుగా దింపకూడదు. 17, 18 ఏళ్ల కుర్రాడికి వారానికి 60 నుంచి 70 కిలోమీటర్లు, లాంగ్ రన్ 90 నిమిషాలు చాలు. ఇరవై దాటి, మూడేళ్లు క్రమంగా పరుగెత్తినవాడికి 110 నుంచి 120, లాంగ్ రన్ రెండు గంటలు. పెంపు వారానికి పదో వంతు, ప్రతి నాలుగో వారం పావు వంతు కోత. మొదలుపెట్టేముందు హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి. మన పిల్లల్లో, ముఖ్యంగా అమ్మాయిల్లో, రక్తం తక్కువగా ఉండటం మామూలు. అది సరిచేయకుండా కిలోమీటర్లు పెంచితే ఆరో వారంలో టైమింగ్ వెనక్కి నడుస్తుంది, కోచ్ బద్ధకం అనుకుని తిడతాడు.

మార్చి నుంచి జూన్ దాకా లాంగ్ రన్ తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుకావాలి, ఏడులోపు అయిపోవాలి. ముందూ తర్వాతా బరువు చూడాలి. 60 కిలోల కుర్రాడు కిలో పైన తగ్గితే దారిలో నీళ్లు సరిపోలేదని అర్థం. లేవగానే నాడి మామూలు కన్నా ఎనిమిది పది ఎక్కువగా వరుసగా రెండు రోజులు కనబడితే ఆ రోజు పరుగు సగానికి తగ్గించాలి. ఆక్లాండ్ చలిలో తయారైన వేగాల్ని విజయవాడ మే నెలలో గడియారం చూసి అమలు చేస్తే దెబ్బతింటాం. ఇక్కడ ఊపిరే కొలమానం.

కొండకి విశాఖ వాళ్లకి లోటు లేదు. డెల్టాలో రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఎక్కుడే దిక్కు. 200 మీటర్ల వాలు ఉంటే చాలు, కానీ తారు గట్టిది, పొద్దున్నే లారీలు. గెంతుడు వారానికి రెండుసార్లు, మొదటి రెండు వారాలు ఆరేసి చొప్పున మాత్రమే. పిక్క బిగిసినా, మడమ పైన తాడులాంటి స్నాయువు పొద్దున లేవగానే పట్టేసినా వెంటనే ఆపాలి. ఈ దశలో వచ్చే గాయాల్లో ఎక్కువ భాగం అక్కడే.

పోలీసు ఈవెంట్స్‌కి తయారయ్యే పిల్లలు చివరి నెలలో రోజూ 1600ను ఫుల్ స్పీడ్‌లో కొడుతుంటారు. వాళ్లకీ ఇదే జబ్బు, ఇదే మందు: ఎనిమిది వారాలు రోజుకి 40 నిమిషాలు తేలిగ్గా, ఆఖరి మూడు వారాలు మాత్రమే వేగం.

ఈ పద్ధతి అందరికీ సరిపోదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో క్యూబా రన్నర్ అల్బెర్టో హువాంటొరేనా 400ను 44.26లో, 800ను 1:43.50లో గెలిచాడు. అతను వేగం వైపు నుంచి వచ్చినవాడు, 1500 అతని దూరం కాదు. మన రన్నర్ ఎటువైపు వాడో తేల్చడానికి 400 టైమింగ్‌ని రెట్టింపు చేసి 800 టైమింగ్‌లోంచి తీసేయాలి. 52 సెకన్ల వాడు 1:54 పరుగెత్తితే తేడా పది. తేడా పన్నెండు దాటితే బేస్ లేదని అర్థం, ముందు కిలోమీటర్లు వేయాలి. తొమ్మిది కన్నా తక్కువైతే దమ్ము ఇప్పటికే ఉంది, వేగమే కరువు. అతనికి ఇంకో పది వారాల లాంగ్ రన్లు రాయడం కన్నా స్ప్రింటర్ల గుంపులో వారానికి రెండు రోజులు వదిలేయడం మంచిది. ఈ లెక్క బేస్‌కి ముందు ఒకసారి, పదును దశ అయ్యాక ఇంకోసారి, ఒకే ట్రాక్ మీద, రెండు టైమ్ ట్రయల్స్‌కి మధ్య నాలుగు రోజులు ఎడం ఉంచి చేయాలి.